అలిగిన నాడు పేర్చిన బతుకమ్మ

వరంగల్ మట్టెవాడలో వెంకట్రాజం పిండిగిర్ని తెలియని ఇల్లాలు ఉండేది కాదు. పొద్దున్నే భద్రకాళి అమ్మవారి పటానికి దండం పెట్టుకొని బెల్టు తగిలించాడంటే దీపాలు పెట్టే వేళ దాకా ఆ చప్పుడు ఆగేది కాదు. మనిషి మంచివాడు. తూకంలో మోసం లేదు, నోట్లో దురుసు లేదు. అసలు మాటే లేదు. గిర్ని నడుస్తుంటే ఎదుటివాళ్ళ మాట వినబడదు కనుక, ఎవరేం చెప్పినా తలూపడం అతనికి అలవాటైపోయింది. పిండి కొట్టుకున్న కనుబొమలతో అతను తలూపుతుంటే గిరాకీలకు ముచ్చటగానే ఉండేది. ఇంట్లో మాత్రం ఆ అలవాటు వేరే పని చేసింది.

అతని భార్య వినోద పదో తరగతి పాసైన పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో ఎన్నో చెప్పేది. టీచర్ ట్రైనింగ్‌కు పోవాలని ఉందనేది. ఒక్కసారి వేయిస్తంభాల గుడికి పోయివద్దామనేది. ఒంట్లో బాగుండటం లేదనేది. అన్నిటికీ వెంకట్రాజం తలూపేవాడు. తెల్లారితే మళ్ళీ గిర్ని, మళ్ళీ బెల్టు. బిడ్డ సుగుణ పుట్టింది. వినోద చెప్పడం తగ్గించింది, తర్వాత మానేసింది. అదే మంచి కాపురం అనుకున్నాడు అతను. చప్పుడు లేని ఇల్లు చల్లని ఇల్లు అని ఎవరో చెప్పగా విన్నాడు మరి.

డెబ్బై తొమ్మిదిలో ఒకనాటి పొద్దున వినోద హన్మకొండలో తన అన్న ప్రభాకర్ ఇంటికి వెళ్ళిపోయింది. పక్కింట్లో విస్తర్లు కుట్టుకొని బతికే సోమక్క ఒడిలో మూడేళ్ళ పిల్లను పెట్టి, "అన్న ఇంట్ల నాకే జాగ లేదక్కా. నేను నిలబడ్డంక వచ్చి తీస్కపోత. అందాక జర చూడు" అని చెప్పి పోయింది. పోతూ వెనక్కి చూసిందని, చూసి ఏడ్చిందని సోమక్క చాలా రోజుల దాకా వెంకట్రాజానికి చెప్పలేదు.

తల్లి పోయిన ఇంట్లో ఆడపిల్లను మగవాడు ఎట్లా పెంచుతాడని వాడంతా అనుకున్నారు. అనుకొని ఊరుకోలేదు, తలా ఒక చెయ్యి వేశారు. అమ్మవారు గుళ్ళోనే ఉంటుందనుకుంటాం గానీ, ఆ రోజుల్లో ఆ తల్లి గిర్ని ముందర డబ్బాలు పట్టుకొని వరుసలో నిలబడి ఉండేది. గోధుమలు తెచ్చిన ఒకామె పిల్ల ముక్కు తుడిచేది. జొన్నలు తెచ్చిన ఇంకొకామె గౌనుకు ఊడిన గుండీ కుట్టిపోయేది. జడ మాత్రం తానే వేయాలని వెంకట్రాజం పట్టుబట్టాడు. మొదటి రోజు చూసి సోమక్క మూతి మీద కొంగు పెట్టుకుంది.

"ఏంది తమ్మీ, గిది జడనా, గిర్ని బెల్టా? గంత గట్టిగ గుంజితే పిల్ల కండ్లు నెత్తికెక్కుతయి."

"ఊసిపోతదేమోనని అక్కా."

"ఊసిపోతే మల్ల అల్లుతం. ఎంటికలు తెగితే బెల్టులెక్క అతుకుతయా?"

అతను నేర్చుకున్నాడు. కొబ్బరినూనె ఎంత పెట్టాలో, రిబ్బన్ ఎక్కడ ముడివేయాలో నేర్చుకున్నాడు. మిరపకాయలు పట్టినప్పుడల్లా పిల్లకు దగ్గు వస్తోందని, సుగుణ బడికి పోయాకే కారం పడతానని గిరాకీలకు చెప్పేశాడు. పొద్దున్నే కారం కావలసినవాళ్ళు నాలుగు మాటలని వేరే గిర్నికి పోయారు. మిగతావాళ్ళు ఆగారు.

నాలుగేళ్ళు గడిచాయి. వినోద అన్న మీద ఆధారపడకుండా ట్రైనింగ్ పూర్తిచేసింది, హన్మకొండలోనే ఒక ప్రైవేటు బళ్ళో పంతులమ్మ అయింది. ఆదివారాలు వచ్చి సోమక్క అరుగు మీద కూర్చొని బిడ్డతో గడిపి పోయేది. విడాకులకు ఇద్దరూ ఒప్పుకున్నారు, అందులో పేచీ లేదు. పేచీ అంతా పిల్ల గురించే. నిలబడ్డాక తీసుకుపోతానన్న మాట ప్రకారం వినోద కోర్టులో అడిగింది. కేసు దసరా వెళ్ళాక విచారణకు వస్తుందన్నారు.

"ఆడపిల్ల. తల్లికి నౌకరి ఉన్నది. నీ తానేమున్నది, గిర్ని. కష్టమే" అన్నాడు వెంకట్రాజం పెట్టుకున్న వకీలు. వెంకట్రాజం అలవాటు కొద్దీ తలూపాడు. బయటికి వచ్చాక గానీ ఆ మాట లోపలికి దిగలేదు. దిగాక అన్నం సయించలేదు.

ఆ ఏడు బతుకమ్మ వచ్చింది. తొలినాటి నుంచీ సోమక్కే పూలు పేర్చి సుగుణ చేతికి ఇచ్చేది. పండుగ నడుమ ఆమె బిడ్డకు కాన్పు నొప్పులని నర్సంపేట నుంచి కబురు వస్తే ఉన్నపళంగా బస్సెక్కింది. మర్నాడు పొద్దున వెంకట్రాజం ఒక్కడే ఆలోచించాడు. వచ్చే ఏడు బిడ్డ ఈ ఇంట్లో ఉంటుందో ఉండదో. సోమక్క లేదని పిల్ల బతుకమ్మ ఆగిపోవడం ఎందుకు? గిర్ని బంద్ చేసి, సైకిలు తీసుకొని ఊరి బయటికి పోయి తంగేడు, గునుగు కోసుకొచ్చాడు. బంతిపూలు బజార్లో కొన్నాడు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, మోకాళ్ళ మీద కూర్చొని, తండ్రీబిడ్డలు మధ్యాహ్నం దాకా పేర్చారు. సుగుణ పువ్వు అందించేది, అతను పెట్టేవాడు. వంకర పోతే విప్పి మళ్ళీ పెట్టేవాడు. చివరికి పసుపు గౌరమ్మను కూడా మరిచిపోకుండా నిలిపాడు.

సాయంత్రం పిల్లకు పట్టు పరికిణీ తొడిగి, బతుకమ్మను తన నెత్తిన పెట్టుకొని ఆడే జాగాకు తీసుకుపోయాడు. అక్కడ ఎవరూ లేరు. రెండు మేకలున్నాయి. తొందరగా వచ్చామేమో అనుకొని నిలబడ్డాడు. అటుగా బియ్యం మూట నెత్తిన పెట్టుకొని పోతున్న కట్టమ్మ, గిర్ని దగ్గర రోజూ కనబడే మనిషే, చూసి ఆగిపోయింది.

"ఓ రాజం, నెత్తి మీద గదేంది?"

"బతుకమ్మ చిన్నమ్మా."

"ఇయ్యాల ఆరో రోజు. అలిగిన బతుకమ్మ. ఇయ్యాల ఎవలన్న పేరుస్తరా, ఆడుతరా?"

ఒకప్పుడు పూలకు మాంసపు నీసు తగిలి అమ్మ అలిగిందని, ఆ ఒక్కనాడు బతుకమ్మను పేర్చరని ఆ సీమలో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. తల్లి చేతి కింద పెరిగిన పిల్లలకు కూడా తెలుసు. వెంకట్రాజానికి తెలియదు. గిర్నికి వచ్చే ఆడవాళ్ళు ఏటేటా అతని ముందరే ఆ ముచ్చట చెప్పుకొని ఉంటారు. అతను తలూపి ఉంటాడు.

కట్టమ్మ పకపకా నవ్వింది. నవ్వి, సుగుణ మొహం చూసి, మూట దించింది. "ఏడువకు బిడ్డా. మీ నాయిన అమ్మను బతిమిలాడ తెచ్చిండు. అలిగినోళ్ళను బతిమిలాడేటోడు ఒకడు గావాలె గదా" అని, తువ్వాలతో బతుకమ్మను కప్పించి, వాళ్ళతో పాటు ఇంటి దాకా నడిచింది. ఆమె మంచి మాటే చెప్పింది గానీ, ముచ్చట మాత్రం కడుపులో దాచుకోలేకపోయింది. అది మట్టెవాడ దాటి, హన్మకొండ చేరి, ప్రభాకర్ చెవిన పడి, అక్కడి నుంచి వినోద వకీలు చేతిలోకి పోయింది.

కోర్టులో వెంకట్రాజాన్ని బోనులో నిలబెట్టి వినోద తరపు వకీలు అడిగిందదే.

"అలిగిన బతుకమ్మ నాడు బతుకమ్మ పేర్చి, పిల్లను తీసుకొని పోయినవా లేదా?"

"పోయిన సార్."

"ఎందుకు పోయినవు?"

"ఎరుక లేక."

వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. జడ్జిగారు కోస్తా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినాయన. "ఏమిటది? అందులో తప్పేముంది?" అని అడిగి, చెప్పించుకొని విన్నారు. వకీలు ఉత్సాహంగా, "ఇంటి ఆచారం తెలియని మనిషి ఆడపిల్లకు ఏం నేర్పుతడు హుజూర్?" అన్నాడు. వెంకట్రాజం తల దించుకున్నాడు. వకీలు చెప్పింది నిజమే గదా అనిపించింది అతనికి. రేపు పిల్ల పెద్దమనిషి అయితే తాను ఏం చేస్తాడు? ఎవరిని అడుగుతాడు?

తర్వాత వినోద వంతు వచ్చింది. ఇట్లాంటి మనిషి దగ్గర బిడ్డను ఉంచడం నీకు సమ్మతమేనా అని ఆమె వకీలే అడిగాడు. లేదు అంటే సరిపోయేది. ఆమె వెనక బెంచీల వైపు ఒకసారి చూసి జడ్జిగారి వైపు తిరిగింది.

"నా బిడ్డ నాకు గావాలె సార్. అది నిజం" అన్నది. "కానీ దానికి గీ బతుకమ్మ ముచ్చట తేవద్దని నేను మా వకీలుకు ముందే చెప్పిన. నేనున్నన్ని రోజులు పండుగ ఎప్పుడొచ్చెనో ఎప్పుడు పోయెనో ఆయనకు ఎరుక లేదు. ఒక్కనాడు గిర్ని బంద్ పెట్టలే. అసొంటాయన పొద్దంత కూసోని పూలు పేర్చిండంట. మొన్న ఆదివారం పిల్ల చెప్పింది. 'అమ్మా, బతుకమ్మ జరంత గూడ ఒరగలే' అని చెప్పింది. అందరు నవ్వుతున్నరు. నాకు నవ్వొస్తలేదు సార్."

ఆమె వకీలు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను తీర్పు రాయగలను. రాస్తే ఒకరు గెలుస్తారు. అంతకు ముందు మీరిద్దరూ వకీళ్ళు లేకుండా కాసేపు కూర్చొని మాట్లాడుకోండి. భోజనాల తర్వాత పిలుస్తాను" అన్నారు.

కోర్టు ఆవరణలో చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నారు ఇద్దరూ, నడుమ ఒక మనిషి పట్టేంత జాగా వదిలి.

"నువ్వు చెప్పు. నేను చెవిపెట్టి ఇంట" అన్నాడు వెంకట్రాజం.

"ఇన్నేండ్లకా?"

"అవు."

ఆమె చెప్పింది. వదిలిపెట్టి పోయిన నాడు కాళ్ళు ఎట్లా ఆడలేదో, అన్న ఇంట్లో మొదటి ఏడు ఎట్లా గడిచిందో, బళ్ళో వేరేవాళ్ళ పిల్లలు టీచర్ అని కొంగు పట్టుకుంటే లోపల ఎట్లా ఉంటుందో. అతను ఒక్కసారీ తలూపలేదు. ఆమె మొహమే చూస్తూ విన్నాడు. చాయ్ చల్లారిపోయింది. హోటల్ ఆయన అడగకుండానే వేరే చాయ్ తెచ్చిపెట్టి, పైసలు అడగకుండా పోయాడు.

"ఆడపిల్లకు తల్లి లేకుంట నడవది" అన్నాడు వెంకట్రాజం. "ఆ వకీలు చెప్పింది అబద్ధం గాదు. నేర్చుకునేటియి కొన్ని నేర్చుకున్న. కొన్ని నాతోని గావు. పండుగలు నీతాన చెయ్యనీ. సెలవులన్ని నీతానే. పెద్దమనిషి అయినంక నీ తోడు ఉండాలె. బడి రోజులు మాత్రం..." చాయ్ గ్లాసును బెంచీ మీద పక్కకు జరిపాడు. "బడి రోజులు నాకియ్యి వినోదా. పొద్దున జడెయ్యకపోతే నాకు చెయ్యి ఆడది."

వినోద కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనుండేది ఒక్క అర్ర ఉన్న కిరాయి ఇల్లు. పిల్లను ఆడికి తెస్త అని కొట్లాడుతున్న గానీ, బడి నుంచి వచ్చేసరికి దానికి తలుపు తీసేటోళ్ళు లేరు. ఈడ సోమక్క ఉన్నది. వాడంత ఉన్నది." ఆగింది. "నాకు మంచి ఇల్లు దొరికినంక మల్ల మాట్లాడుకుందాం. అప్పుడు పిల్లను గూడ అడుగుదాం. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట."

జడ్జిగారు వాళ్ళు చెప్పినట్టే రాసి ఇద్దరితో సంతకాలు చేయించారు. ప్రభాకర్‌కు కోపం వచ్చి ముందే వెళ్ళిపోయాడు. చెల్లెలు ఓడిపోయిందని అతని లెక్క.

దీపావళి సెలవులకు పిల్లను తీసుకుపోవడానికి వినోద వచ్చింది. వెంకట్రాజం బట్టల సంచీ పట్టుకొని చౌరస్తా దాకా నడిచాడు. హన్మకొండ బస్సు వచ్చింది. సుగుణను ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి మొదలుపెట్టాడు.

"పాలల్ల మీగడ ఉంటే తాగది. తీసెయ్యి. బల్లి అంటే భయం, లోపల దీపం పెట్టినంకనే స్నానానికి పొమ్మను. పండుకునేటప్పుడు ఎవలదన్న చెవి పట్టుకుంటది, గుంజెయ్యకు..."

"నా బిడ్డ గాదా, నాకు తెల్వదా?" అన్నది వినోద. అని, ఒక్క క్షణం ఆగి, కిటికీ ఊచ పట్టుకొని ముందుకు వంగింది. "లేదులే. తెల్వది. చెప్పు."

కండక్టర్ రైట్ చెప్పబోయి, ఈలను నోటి నుంచి తీశాడు. "చెప్పుకో అన్నా. డ్రైవర్ బీడీ ముట్టిచ్చిండు" అన్నాడు.

వెంకట్రాజం చెప్పసాగాడు.