గోడకు మొలిచిన నెమలి

నానిన మెంతులు రుబ్బే వాసన ఎక్కడ తగిలినా నాకు ఒక నెమలి గుర్తుకొస్తుంది, దాని వెంటే ఆ నెమలి వల్ల మా ఇంటికి జరిగిన నష్టమంతా వరుసగా కళ్లముందు నిలుస్తుంది: విత్తనపు వేరుశనగ కాయలు రెండు వందల నలభై, పావు సేరు మెంతులు, నేను అరుగు మీద రుద్ది నున్నగా చేసుకున్న చింతగింజలు పన్నెండు, బోరింగు దగ్గర వరుసలో నిలబడి తెచ్చిన నీళ్లు రోజుకు రెండు చెంబుల చొప్పున పది రోజులు, చివరగా మా అవ్వ నోటి మంచిమాట.

తొంభైల చివరి సంగతి. గార్లదిన్నె దగ్గరి మా ఊరికి రాయదుర్గం నుంచి మా మేనత్త ఏటా పరసకు, అంటే తిరునాళ్లకు, వచ్చేది. అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే పని ఆమెది. బొంతలకు పనికొస్తాయని సంచి నిండా నీలం గుడ్డ ముక్కలు తెచ్చి, బొబ్బట్టు లాంటి వేడి ఓళిగ మీద నెయ్యి పోసుకుంటూ, తన ఇంట్లో అద్దం బిగించి తగిలించిన ఉబ్బెత్తు నెమలి బొమ్మ గురించి ఓళిగ ఓళిగకూ ఒకసారి చెప్పేది. ఒక ఏడు మా గోడను పైనుంచి కిందిదాకా చూసి, "బోసిగా ఉండాది వదినా, క్యాలెండరన్నా తగిలించల్ల" అంది. అమ్మ నవ్వింది గానీ, ఆ నవ్వు వెనక ఏదో గట్టిపడింది. మరుసటి పరసకు తన గోడ మీదా నెమలి ఉండాలి, ఆడబిడ్డ నోరు మూయాలి, పైసా ఖర్చు కాకూడదు.

కొండ వారనుంచి తెచ్చి జల్లించిన ఎర్రమన్ను, పేడ, రుబ్బిన మెంతుల జిగురు కలిపి అమ్మ గోడ మీద చెయ్యి మందాన నెమలిని తీర్చింది. ఒంటికి అత్త తెచ్చిన జీన్సు ముక్కలే అతికించింది. పింఛం కన్నులకు నా చింతగింజలు పోయాయి, ఆ ఎండాకాలమంతా నాకు ఓమనగుంతల ఆట లేకుండా పోయింది. ఈకల గరుకు కోసం వేరుశనగ తొక్కులు గుచ్చితే పటపట నలిగాయి. నిండు కాయలే కావాలి. అవి అటక కింద, అవ్వ మంచం పక్కనున్న విత్తనపు బస్తాలో ఉన్నాయి. అవ్వ ప్రతి కాయనూ చెవి దగ్గర ఆడించి, లోపలి గింజ చప్పుడు విని గానీ ఆ బస్తాలో వేసేది కాదు.

"ఏమ్మే, అప్పుగా ఇస్తాండా. పరస అయినంక పెరికి కాయకు కాయ అప్పజెప్పల్ల. తప్పితే ఒకటికి ఒకటిన్నర" అంది అవ్వ. విత్తనం అప్పుకు మా ఊరి పద్ధతి అదే. లెక్కపెట్టే పని నాకు పడింది.

మట్టి ఒక్కసారిగా ఎండితే బీటలిస్తుందని అమ్మ నెమలికి తడి గోనెసంచి కప్పి సంచి మీదే పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు చిలకరించేది. సంచి ఎత్తి చూడబోతే నా చేతి మీద కొట్టేది. "తాగేదానికే నీళ్లు ల్యాకపోతే దీనికి తడి పెడ్తాండావా?" అని నాయన రోజూ అడిగేవాడు.

పదో రోజు అత్త వచ్చింది. ఇంటి నిండా జనం ఉండగా అమ్మ సంచి లాగేసింది. నెమలి తోక పచ్చగా ఉంది. తొక్కులు పగిలి, తెల్లటి మొలకలు తలలెత్తి, లేత ఆకులు విప్పుకొని గోడ పొడుగునా నిలబడ్డాయి. కాయల్లో గింజలున్నాయన్న సంగతి సేద్యగాళ్ల ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

"అబ్బ! నా నెమలికి ఇన్నేండ్లకూ ఒక ఈక పెరగల్యా. నీది పెరుగుతాందే వదినా!" అంది అత్త. అంతకు మించిన ఒప్పుకోలు అమ్మ జన్మలో వినలేదు. వానకోసం చూసి చూసి చేను దున్నకుండా వదిలిన నాయన గోడ ముందు నిలబడి, "ఈడ మాత్రం ఇత్తేదానికి పదునైందే!" అన్నాడు. అవ్వ ఒక్కతే నుదురు కొట్టుకుంది.

అందరం ఓళిగలకు కూర్చున్నాం. లేచి వచ్చేసరికి అవ్వ పెంచుకునే మేక గోడ వారనున్న మంచమెక్కి, తోక కొసలనుంచి మొదలుపెట్టి మెడ దాకా మేసేసింది. జీన్సు గుడ్డను మాత్రం ఒకసారి నమిలి వదిలేసింది.

"తినింది నీ మేకే గదత్తా" అంది అమ్మ అవ్వతో.

"అప్పు తీసుకునింది మేకనా, నువ్వా?" అంది అవ్వ.

సంచి అందని అంచుల్లో మొలవని కాయలు అరవై అయిదు దొరికాయి. అవ్వ వాటిని చెవి దగ్గర ఆడించి తీసుకుంది. మిగిలిన నూట డెబ్బై అయిదుకు ఒకటిన్నర లెక్కగట్టి చెప్పింది నేనే. ఆ తర్వాత పంట చేతికొచ్చిన ఏడు తక్కువ. అమ్మ రెండుసార్లు కొన్న కాయలు తెచ్చి ఒళ్లో పోసినా అవ్వ ఆడించి చూసి, "ఇది నా ఇత్తనం గాదు" అని పక్కకు నెట్టింది.

ఇప్పుడు ఆ గోడ లేదు, స్లాబు ఇల్లు, నున్నటి రంగు. చేన్లో బత్తాయి కాసే చీనీ చెట్లు. మొన్న కదిరి మార్కెట్లో అవ్వ విత్తనపు బస్తాలోని ఆ పొట్టి రకం కాయ కోసం బస్తా బస్తా వెతికి, ఒకటి తీసి చెవి దగ్గర ఆడిస్తుంటే, "ఏమక్కా, అది సెల్‌ఫోనా?" అన్నాడు అమ్మేవాడు. వాడికేం తెలుసు, నేను అవ్వ మాట కోసమే వింటున్నానని. ఆ చప్పుడు ఏ కాయలోనూ లేదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. బాకీ మాత్రం అలాగే ఉంది: రెండు వందల అరవై రెండు కాయలు, ఒక అర కాయ.