మచ్చు పళ్ళెం

చదువుకునే రోజుల్లో సి భాషలో రాసిన పొడుపుకథల ఆటను బ్రౌజర్‌లో నడిపించాలని, ఉస్మాన్‌గంజ్‌లోని మా మిర్చి దుకాణంలో ఓ మూల బస్తా మీద లాప్‌టాప్‌తో కూర్చున్నాను. ఆట ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కదలదు. పాత కంప్యూటర్‌లో దానితో ఇబ్బంది లేదు. బ్రౌజర్‌లో మాత్రం ప్రోగ్రాం అలా ఆగిపోతే పేజీ మొత్తం బిగుసుకుపోతుంది. మనం నొక్కిన అక్షరం కూడా లోపలికి పోదు. ఏ జవాబు కోసం కాచుకుందో దాన్నే రానివ్వదు. ఒళ్లు మండి లాప్‌టాప్ మూత దభాలున వేశాను.

"ఏమైందిరా, గంత కోపం?" అన్నాడు గల్లాపెట్టె పక్కన పరుపు మీద కూర్చున్న మా నాన్న, బాపు. చెప్పాను.

"అడిగి ఆడనే నిలబడ్తదా? గట్లయితే దుకాణం నడిచినట్టే."

అప్పుడాయన్ని గమనించాను. మచ్చుకు కొన్ని మిరపకాయలు పళ్ళెంలో పోసి ఒక వ్యాపారి ముందు పెడతాడు. "ఈ రకం నడుస్తదా భాయ్?" అని అడుగుతాడు. అతను కాయ విరిచి వాసన చూసేలోపు మరొకరితో మాట్లాడుతుంటాడు. మొదటివాడు పిలవగానే పళ్ళెం వంక చూసి, మాట ఆగిన చోటునుంచే అందుకుంటాడు.

నా ఆటనూ అలాగే మార్చాను. ప్రశ్న అడిగాక, ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకుని పక్కకు తప్పుకుంటుంది. జవాబు రాగానే అక్కడే మళ్లీ మొదలవుతుంది.

దుకాణం చూసుకుంటావా అని బాపు నన్నడిగి ఏళ్లయింది. నేనింకా తేల్చి చెప్పలేదు. ఆయన పని ఒక్కరోజూ ఆగలేదు. పరుపు మీద తన పక్కన మాత్రం ఇప్పటికీ ఎవరినీ కూర్చోనివ్వడు.