చెవికి ఏడు మార్కులు

ఫారంలో యాభై పైచిలుకు వరసలున్నాయి. వేళ్ల చురుకుదనం, జ్ఞాపకశక్తి, నడుం బలం, కంటిచూపు, వినికిడి, ఇలా మనిషికుండే శక్తులన్నిటినీ పేర్చి, ఒక్కోదాని ఎదురుగా ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేశారు. మీ పనికి ఏది ఎంత కావాలో చుట్టండి అన్నారు. సైన్యానికి పారాచూట్లు మడిచే ఆ షెడ్డులో పన్నెండు మందీ అన్నిటికీ ఏడే చుట్టారు. మడతలక్క చెప్పబట్టే చుట్టారు.

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. పంతొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే గుడ్డ. "తక్కువేస్తే రేపు మనల్ని మూటలు కట్టేవాళ్లలో కలిపేస్తారు. ఏడు చుట్టండి, మన సొమ్మేం పోయింది?" అంది. మేస్త్రి ఇంకో అడుగు ముందుకేసి, ఫారం అడుగున దేశభక్తి అని తనే ఒక వరస గీసి, దానికీ ఏడు చుట్టాడు. దేశభక్తి గురించి అధికారులు ఏటా ఓ ఉపన్యాసం ఇస్తూనే ఉంటారు. పారాచూట్ తెరుచుకోవడానికి అది సాయపడిన దాఖలా మాత్రం లేదు. తాళ్లు చిక్కుపడకపోతే తెరుచుకుంటుంది, అంతే.

పోయిందేమిటో మూడు నెలలకి తెలిసింది. పరిశోధన విభాగం నుంచి కళ్లజోడు మేడమ్ వచ్చి, పని ఎంత అడుగుతుందో అంత శక్తి మనిషిలో ఉందో లేదో పరీక్షించడం మొదలుపెట్టింది. మొదట వినికిడి. మడతలక్క తప్పింది. పదేళ్ల కిందట జ్వరంలో ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిచెవి సగమే మిగిలింది. ఈ సంగతి షెడ్డంతా ఎరుగును, కాగితమే ఎరగదు. వచ్చే నెల నుంచి దుప్పట్ల గోదాముకి వెళ్లమని ఆర్డరు చేతికిచ్చారు.

అదే బల్లకి అవతల పక్క పనిచేసే ఆడపడుచు తేలిక చేయబోయింది. "పోన్లే వదినా, దుప్పట్లవీ మడతలేగా."

"దుప్పటి తెరుచుకోకపోతే ఎవరూ చావరమ్మా," అంది మడతలక్క. తిన్నగా మేడమ్ గదికి నడిచింది.

"నా పనికి అంత చెవి అక్కర్లేదండీ."

"ఏడు చుట్టింది మీరేగా?"

"గొప్పకి చుట్టాను."

మేడమ్ కలం కింద పెట్టింది. పదకొండు చోట్ల తిరిగినా ఈ మాట అన్నవాళ్లు లేరు. "మీ పన్నెండు మంది అంకెల సగటే ఈ పనికి కొలత. మీరొక్కరూ దిద్దుకుంటే అది కదలదు. మిగతావాళ్లూ దిద్దాలి. మీ మొహం చూసి కాదు, పని చూసి."

"అయితే పనే చూద్దాం. మంచి చెవులున్నవాళ్ల చెవుల్లో దూది పెట్టి మడిపించండి."

షెడ్డులో మేస్త్రి భగ్గుమన్నాడు. "నీ చెవి కోసం మా అందరి గ్రేడూ దించుతావా?"

"నడుం బలానికి ఏడు చుట్టావు కదా మేస్త్రీ, ఏడంటే ఏమిటో చదివావా? మనిషిని భుజానేసుకుని మూడంతస్తులు ఎక్కడం. ఆ పరీక్ష వచ్చే వారమేనట."

మేస్త్రి ఓసారి తన బొజ్జ వంక చూసుకున్నాడు. "ఆ దూదేదో ఇటివ్వండి," అన్నాడు.

పొడవాటి బల్లల మీద గుడ్డలు పరిచారు. తాళ్లు సవరించి, మడత మీద మడత వేసి, జారకుండా ఇసుక సంచులు పెట్టి, ఒక్కోటే తీసేస్తూ మూట బిగించారు. ఆఖరున పనిముట్లు లెక్కపెట్టాలి. ఏదైనా లోపల ఉండిపోతే ఆకాశంలో ఒకడి ప్రాణం మీదికొస్తుంది. ఒకరు లెక్క అరవాలి, జతగాడు విని సరిచూసి ఔననాలి. అది రూలు.

తనిఖీదారు మూటలు విప్పి కొలిచాడు. ఐదు బల్లల మీద మచ్చుకైనా తప్పు లేదు. మేస్త్రి మూటలోంచి మాత్రం ఇసుక సంచి ఒకటి జారి కిందపడింది. మేస్త్రి తొమ్మిది అని అరిచాడు, ఎనిమిదే చేతిలో ఉన్న జతగాడు దూది చెవులతో ఏమీ వినక తలూపాడు.

"చూశావా? చెవి కావాలి," అన్నాడు మేస్త్రి, దూది పీకేస్తూ. ఆ మాటలో గెలుపు లేదు.

మడతలక్క కాదనలేదు. "అరిచి లెక్కపెడితే కావాలి. మా బల్ల చూడండి."

ఆ బల్ల అంచున ఒక్కో పనిముట్టుకీ దాని ఆకారంలో తెల్లరంగు గీత ఉంది. చెవి పోయిన ఏడాది తనే గీసుకుంది. పని అయ్యాక దేని గీతలో దాన్ని పెట్టి, వదిన ఒకసారి, ఆడపడుచు ఒకసారి, ప్రతిదాన్నీ వేలితో తాకుతారు. ఒక్క గీత ఖాళీగా ఉన్నా మూట కదలదు. ఇవాళ ఆడపడుచు చెవుల్లోనూ దూది ఉంది. ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా వేలికే తెలుస్తుంది.

మేడమ్ తనూ ఒక్కో గీతనీ వేలితో తాకి చూసింది. "రూలు అరవమంటోంది. రూలు ప్రకారమే నేను రాయాలి."

"రూలు మార్పించే అర్జీ ఎవరికివ్వాలో చెప్పండి."

అర్జీ మూడు సార్లు తిరిగొచ్చింది. సంతకం లేదని ఒకసారి, పంపాల్సిన చోటు ఇది కాదని ఒకసారి, ఏమీ చెప్పకుండా ఒకసారి. గడువు దగ్గర పడుతుంటే నాలుగోసారి మేస్త్రి సంతకం కూడా పెట్టించి, మడతలక్క తనే వెళ్లి గుమాస్తా ఎదుట నిలబడింది. ముద్ర పడేదాకా కుర్చీ చూపించినా కూర్చోలేదు. నెలాఖరుకి ఆరు రోజుల ముందు, లెక్క తాకి చూడాలని రూలు మారింది.

మళ్లీ ఫారాలు పంచారు. ఈసారి ఎవరూ గబగబా చుట్టలేదు. వినికిడి సగటు రెండు దగ్గర ఆగింది. ఆ రెండుకి మడతలక్క సగం చెవి సరిపోయింది. దేశభక్తి వరసని మేస్త్రే కొట్టేశాడు.

తర్వాత కలం నోట్లో పెట్టుకుని ఆవిడ కుడిపక్కకి వచ్చాడు. "నడుం బలానికి ఎంత వెయ్యమంటావక్కా?"

"నన్నడుగుతావేం? ఆ మడిచిన మూట ఎత్తి చూసి వెయ్యి."

మేస్త్రి వంగాడు.