నా అర్రకొచ్చిన మొదటి చుట్టాలు

కొల్లూరు దిక్కు, మనిషి జాడ లేని రాళ్లల్ల రెండేండ్ల సంది ఒక్క అర్ర కట్టుకుంటున్న. పటాన్‌చెరుల ఫ్యాక్టరీకి సెలవున్న ఐతారాలు, అన్నీ నా చేతులతోనే. పోయిన వారమే సగానికి రేకులు కప్పి, వాటి కింద కూసొని చాయ్ గూడ తాగిన.

ఈ రోజు పోయి సూస్తే నిన్నటి వానకు ఎనక గోడ కూలింది. గిట్ల కూలుడు మూడోసారి. ఆ మట్టి మీదనే కూసొని ఏడ్చిన. ఇగ నాతోని కాదు, రేకులు పీకేస్త అనుకున్న.

అంతల వడగండ్లు షురువైనయ్. ఒక గొర్ల కాపరి మందను తోలుకొని ఉరికొచ్చి అర్రల సొచ్చిండు.

"ఇల్లు నీదేనా అన్నా?"

"ఇల్లేడిది? కూలిపాయె గదా."

"మూడు గోడలున్నయ్, మీద రేకులున్నయ్. గీ బయల్ల ఇది లేకుంటే నా పిల్లలన్నీ సచ్చేటియి," అనుకుంట వణుకుతున్న గొర్రెపిల్లను నా ఒళ్లె పెట్టిండు.

వాన ఆగినంక వాళ్లు పోయిండ్రు. నేను రేకులు పీకలే. అర్ర నిండ పడ్డ పెంట ఊడ్చి, గోడకు మల్ల మట్టి తొక్కిన. ఏడుస్తున్ననో నవ్వుతున్ననో నాకే సమజ్ కాలే. నాలుగోసారి కూలకుంట ఎట్ల కట్టాల్నో, తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి.