పేరు పిలిచినా లేవలేదు

పదేళ్ల క్రితం వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా పనిచేసేదాన్ని. అప్పుడు నా పేరు ఎల్లమ్మ. బాప్తిస్మం తీసుకున్నాక రూతునయ్యాను. కొత్త పేరుతోనే పాస్‌పోర్టు తీసుకుని ఐర్లాండులో స్థిరపడ్డాను. పాత పేరుతో ఎవరు పిలిచినా పలికేదాన్ని కాదు, అమ్మ పిలిచినా సరే.

పోయిన ఏడాది అక్కడ సొంతిల్లు కొనడానికి ఇక్కడి పీఎఫ్ డబ్బు అవసరమైంది. పేరు తేడా ఉందని ఆన్‌లైన్ దరఖాస్తు తిరిగొచ్చింది. వారం సెలవు పెట్టి వచ్చి, పేరు మార్పు గెజిటు పట్టుకుని, అమ్మతో కలిసి పీఎఫ్ ఆఫీసుకు వెళ్లాను. మర్నాడే నా విమానం.

"ఎల్లమ్మా!" అని అటెండరు రెండుసార్లు పిలిచాడు. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాను. అమ్మ మోచేత్తో పొడిచింది. "నిన్నే గదనే పిలుస్తుండు, లెవ్వు!"

పరుగెత్తాను. ఆఫీసరు అనుమానంగా చూశాడు. "పేరు పిలిస్తే లెవ్వలే. నువ్వే ఎల్లమ్మవని ఎట్ల నమ్మాలె?"



"నేను పెట్టిన పేరే సార్. నేను పిలిచినా పలకదు," అంది అమ్మ. అందరూ నవ్వారు.

ఆయన పాత సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. పాత ఫారంలోని సంతకంతో సరిపోయింది. పని అయిపోయింది.

ప్రభువు నన్ను మొదట ఆ పేరుతోనే పిలిచాడని ఆ రోజే గ్రహించాను. కొత్తింట్లో తొలి ప్రార్థనకు ముందు అమ్మకు ఫోన్ చేశాను.

"ఎవరూ?" అంది.

"ఎల్లమ్మనే, అమ్మా!" అన్నాను.