ముక్కుల సీసం

మా బాపుది బేగంబజార్ల ఇత్తడి, స్టీలు గిన్నెల దుకాణం. నేను నడక నేర్చింది బిందెల మధ్యల, మాటలు నేర్చింది బేరాల మధ్యల. ఎవరన్నా ఏదన్నా అంకె చెప్తే తగ్గించకుండ వినుడు నాకు రాదు. పెండ్లిచూపులకు పోయిన కాడ పిల్ల తండ్రి "అమ్మాయి పదో తరగతి" అంటె, నోరు జారి "ఎనిమిదికి రాదా?" అన్న మనిషిని. ఆ సంబంధం ఎందుకు తప్పిందో మళ్ల చెప్పే పని లేదు.

డెబ్భైల చివర్ల, ఒక బేస్తవారం నాడు, పురానాపూల్ దిక్కు పాత సామాన్ల బజారుల ఒక అట్టడబ్బా కనవడ్డది. మూత మీద చిన్న విమానం బొమ్మ. లోపల బిస్కెట్ల లెక్క తేలికైన కట్టెపుల్లలు, ప్లాస్టిక్ పంఖా, అది తిరిగేటందుకు పొడుగు రబ్బరు, అప్పటికే ఎవరో అతికించిన మూతి. దుబాయి నుంచి తెచ్చుకున్నాయన మొదలువెట్టి, యాష్టకొచ్చి అమ్ముకున్నట్టున్నది. విమానంతోని నాకేం పని లేకుండె. కాని అమ్మేటాయన ధర చెప్పిండు. చెప్పినంక ఊకోవుడు నాతోని కాలె.

మూడుసార్లు లేచి పోయిన. మూడుసార్లు ఆయనే పిలిచిండు. ధర సగమైంది. అప్పుడు అలవాటు కొద్ది ఒక్కొక్క ముక్కను చేతుల పట్టి తూచి చూసిన. అన్నీ దూది లెక్కనే ఉన్నయి, మూతి ఒక్కటే బరువు. గోటితోని గెలికితే లోపల సీసం ముక్క! తూకం మీద బతికే ఇంట్ల పుట్టినోనికి సీసం కనవడితే ఒక్కటే అర్థం.

"ఏంది భాయ్ ఇది? పుల్లల్ల సీసం వెట్టి అమ్ముతవా?" అని నలుగురికి వినవడేటట్టు ఒర్లిన.

"అరే, అది ముక్కులనే ఉండాలె భాయ్. తియ్యకు."

"ముక్కుల జలుబుంటదని విన్న గని, సీసం ఉంటదని ఇప్పుడే వింటున్న!"

చుట్టూ ఉన్నోళ్లు నవ్విండ్రు. సీసం ముక్కను ఆయన ఒళ్లె ఏసి, దాని పైసలు గూడ తగ్గించుమన్న. తగ్గించిండు. తగ్గించుకుంట నా దిక్కు ఒక చూపు చూసిండు. భయపడ్డడనుకున్న. అది జాలి అని వారం దినాలకు తెలిసింది.

ఇంటికొచ్చి ఈ ఘనకార్యం బాపుకు చెప్పిన. ఆ దినాలల్ల మా ఇంట్ల ఒకటే ముచ్చట. ప్రతి ఏడు దీపావళి ముందు బొంబాయికి పోయి సరుకు కొనేది బాపు. ఆ ఏడు మోకాళ్లు మొండికేసినయి. నేను పోవాల్నా, దుకాణంల మాతోనే పనిచేసే మా అక్క పెనిమిటి, మా బావ పోవాల్నా? బావ పోతే ఆ పని ఆయనకే ఉండిపోతది. నేను జిందగీ అంత తరాజు పక్కన స్టూలు మీద కూసోని గిన్నెలు తూసుకుంట ఉండాలె.

బాపు డబ్బా మూత తీసి, మూసి, అన్నడు: "కొనుడంటే ధర తగ్గించుడు కాదురా. కొన్నది పనిజెయ్యాలె. పది దినాలల్ల, పై ఆదివారం నాటికి ఇది ఎగిరితే బొంబాయికి నువ్వు పో. ఎగరకుంటే మీ బావ పోతడు."

"నేను సూట్‌కేసు దులిపి పెట్టుకుంట బామ్మర్దీ," అన్నడు బావ.

రెక్కలకు అతికించే కాగితం డబ్బాల చినిగి ఉండె. మా గల్లీల పతంగులు చేసే చాచా దగ్గరికి పోయిన. ముసలాయన విమానాన్ని అటు ఇటు తిప్పి, "తోక ఏది?" అన్నడు.

"ఇదే తోక చాచా."

"గింత తోకతోని మనుషులను ఎక్కించుకొని పోతుండ్రా వీళ్లు?" అని నోరెళ్లవెట్టిండు. అయినా ఒక రెక్కకు గులాబీ, ఒక రెక్కకు పచ్చ పతంగి కాగితం, మైదా లయితోని ముడత లేకుండ అంటించిండు. తయారైనంక అది విమానం లెక్క లేదు, లాడ్ బజార్ల గాజుల దుకాణానికి రెక్కలొచ్చినట్టున్నది.

మూసీ ఇసుకల, చాకలోళ్లు బట్టలు ఆరేసే కాడ, మొదటిసారి ఎగరేసిన. పంఖాను వేలితోని వంద చుట్లు తిప్పి ఇడిచిన. లేచింది. లేచి, మూతి ఆకాశం దిక్కు వెట్టి, నడుమ నిలవడి, ఇంట్ల ఏదో మరిచొచ్చినట్టు ఎనకకు ఎనకకు వచ్చి తోక మీద కూసున్నది. రెండు వందల చుట్లు తిప్పిన. ఇంకింత ఎత్తుకు పోయి, ఇంకింత ఎనకకు వచ్చింది. తోక విరిగినప్పుడల్ల లయితోని అతికించిన. అతికించినప్పుడల్ల తోక బరువైంది. బరువైన కొద్ది మళ్ల విరిగింది. చాచా పతంగికి కట్టినట్టు దారం కట్టి చూసిండు. అప్పుడది చాచా చుట్టే తిరిగి ఆయన టోపీ తీస్కపోయింది.

"అన్నా, మీ కోడి మళ్ల మా దుప్పట్ల వడ్డది," అని చాకలాయన రోజూ తెచ్చిచ్చేటోడు.

బుధవారం నాడు డబ్బా అడుగున ఇంగ్లీషు కాగితం దొరికింది. అది మొదటి దినం నుంచే ఉన్నది. కాని మా ఇంట్ల సామానుతోని వచ్చిన కాగితం చదివేది సామాను తిరిగిచ్చేటప్పుడే. కూడబలుక్కొని చదివిన. ముక్కుల యాభై గ్రాముల సీసం పెట్టి ఉన్నది, దాన్ని తియ్యొద్దు, తీస్తే విమానం ఎనకకు పడుతది అని రాసి ఉన్నది. తియ్యొద్దు అన్న మాట కింద గీత గూడ ఉన్నది.

తెల్లారి బేస్తవారం. బజారుకు ఉరికిన. నన్ను చూసి అమ్మేటాయన ముందే నవ్విండు.

"సీసమా? ఉన్నది భాయ్." చెప్పిన ధర, నేను మొత్తం విమానానికి ఇచ్చినంత.

"గింత సీసానికి గంత ధరనా?"

"మొన్న నీకు పనికిరాలె, పైసలు తగ్గించి వాపసు తీసుకున్న. ఇయ్యాల నీకు పనికొస్తది."

మూడుసార్లు లేచి పోయిన. ఒక్కసారి గూడ పిలువలె. నాలుగోసారి పిలువకుండనే తిరిగిపోతే మొకం ఎట్ల చూపించుకోవాలె? యాభై గ్రాములంటే యాభై గ్రాములే, మా దుకాణంల తూకం రాళ్లకు కరువా అని ఇంటిబాట పట్టిన.

ఆదివారం మూసీల బాపు, బావ, చాచా, పక్క దుకాణాల వాళ్లిద్దరు, మా దగ్గర ముప్పై ఏండ్ల నుంచి గిన్నెలు కొనే ఒక పాత గిరాకి. బావ సూట్‌కేసు తేలె గని, ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిండు. ముక్కుల దుకాణం ఇనుపరాయి దూర్చి, మూసి, ఇడిచిన. ఈసారి నయం. ముందుకు పోయింది. పోయి, తడబడి, మళ్ల మూతి లేపి ఎనకకే వచ్చింది. బాపు కండువ దులుపుకొని ఒడ్డు దిక్కు నడిచిండు.

"మూతికి ఇంకొంచెం బరువు కావాలె బేటా," అన్నడు చాచా.

"కాగితంల యాభై గ్రాములే రాసున్నది చాచా! యాభైయే పెట్టిన. మా దుకాణం రాయి!" అని మొత్తుకున్న.

నడుస్తున్న బాపు నిలవడ్డడు. "ఏ రాయి?"

"తరాజు దగ్గరిది బాపు. మన యాభై గ్రాములది."

అప్పటికే చాచా మూసీ బురద తీసి మూతికి చిటికెడు చిటికెడు అంటిస్తున్నడు. నాలుగో చిటికెకు ఇడిచిన. గులాబీ రెక్క, పచ్చ రెక్క, చాకలోళ్ల దండేల మీదికెళ్లి, ఎండల మెరుసుకుంట, పెద్ద చుట్టు తిరిగి, నా కాళ్ల కాడ ఇసుకల మెల్లగ దిగింది. చాకలోళ్లు సుత చప్పట్లు కొట్టిండ్రు. బావ అంగీ చేతులు మడిచిండు.

పాత గిరాకికి మాత్రం అనుమానం తీరలె. "మరి కాగితం తప్పా, రాయి తప్పా? ఆ బురద తీసి తూస్తే తెలుస్తది."

బాపు నొప్పుల మోకాళ్లతోనే గబగబ వచ్చి, బురదను వేలితోని ఊడ్చి నీళ్లల్ల ఇసిరేసిండు. "తూకం ఎందుకు? ఎగిరింది గద!"

తూకం ఎందుకు అనే మాట బాపు నోట వినుడు నాకు అదే మొదలు. ముక్కు విప్పి రాయి తీసిన. తిరగేసి చూసిన. అడుగున సర్కారు ముద్రతోని సీసం ఉండాల్సిన గుంత ఖాళీగ ఉన్నది, శుభ్రంగ, గోటితోని గెలికినట్టు. ఆ సీసమంత మేర మా యాభై తక్కువ తూగుతున్నది. తలెత్తిన. బాపు చెయ్యి చాచిండు. రాయి ఆయన జేబులకు పోయింది.

రిక్షాల మేమిద్దరమే. రాయి ఉన్న జేబు మీదికెళ్లి బాపు చెయ్యి తియ్యలె.

"సూట్‌కేసు మీ బావ దగ్గర తీస్కో," అన్నడు.

"ఎప్పుడు పోవాలె బాపు?"

"రేపు."

"దీపావళికి ఇంకా రెండు నెలలున్నయి గద?"

"రేపే పో."

"మరి తరాజు దగ్గర?"

"మీ బావ కూసుంటడు. ఆయనకు సామాను గెలికి చూసే అలవాటు లేదు."

పోయిన. గిన్నెల కంటె ముందు బొంబాయిల ఒక డబ్బా కొన్న. అండ్ల కొత్త తూకం రాళ్లు, ప్రతిదాని అడుగున ముద్రేసిన సీసం. చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చిన. ఇంటికి తెచ్చిపెడితే బాపు ఒక్కొక్క రాయిని తిరగేసి చూసి, ధర ఎంతన్నడు. చెప్పిన.

"మోసపోయినవురా," అన్నడు.