కొత్తల్లుడికి పర్మిషన్ లేదన్న కంప్యూటర్

మాది ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం. మాది అంటే మా మామగారిది. నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చిన పెద్దల్లుడిని. వచ్చిన కొత్తలో ఆయన నన్ను "అల్లుడుగారూ" అని పిలిచేవారు. క్రమంగా "ఏమయ్యా" దగ్గర స్థిరపడ్డారు. ఆ ఇంట్లో నా మాట వినేది ఒక్కటే, కొట్లో ఆర్డర్లన్నీ దాచే లినక్స్ కంప్యూటర్. నల్లటి తెర మీద నేనొక ముక్క కొడితే ఎదురుచెప్పకుండా చేసేది. దాని అసలు పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. ఎవరడిగినా ఇచ్చేవాడిని కాదు. నాకు మిగిలిన మర్యాద అదొక్కటే మరి.

మా మరదలికి పెళ్ళయి, కొత్తల్లుడు మనుగుడుపులకు వచ్చాడు. నాకు తోడల్లుడన్నమాట. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. అతని విస్తట్లో నెయ్యి ధారగా పడేది. నా దాకా వచ్చేసరికి గిన్నె వంటింట్లోకి వెళ్ళిపోయేది. పూతరేకులు చేసే ఇంట్లో నేతికి కరువుంటుందా? కరువు నేతికి కాదు.

ఒకరోజు పొద్దున అతను కొట్లోకి వచ్చి, "ఇది కొంచెం స్లోగా ఉన్నట్టుందండీ, నేను చూస్తాను" అన్నాడు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడట. కాదనలేక అతని పేరున మామూలు లాగిన్ ఒకటి చేసి ఇచ్చాను. కొత్తవాళ్ళకి చెప్పే మాటలే అతనికీ చెప్పాను.

"whoami అని కొడితే మనమెవరో చెబుతుందండీ. pwd కొడితే ఎక్కడున్నామో చెబుతుంది. ఈ రెండూ చూసుకోకుండా ఇంకేదీ కొట్టకండి."

"నేనెవరో నాకు తెలీదాండీ?" అని నవ్వి, ముందు sudo తగిలించి ఏదో పెద్ద కమాండే కొట్టాడు. sudo అంటే యజమాని హోదాలో చెయ్యమని చెప్పడం.

కంప్యూటర్‌కి వావివరసలు తెలియవు. ఈ మనిషికి ఆ అధికారం లేదనీ, ఈ సంఘటనను రిపోర్టు చేస్తాననీ తెర మీద ఇంగ్లీషులో రాసిపడేసింది. అదీ రేకులు చుట్టే ఆడవాళ్ళందరూ చూస్తుండగా.

"రిపోర్టా? ఎవరికండీ?" అన్నాడు మొహం ఎర్రగా చేసుకుని.

"నాకేనండీ" అన్నాను. నిజంగానే అది వచ్చేది నాకే.

అతను మేడమీదికి వెళ్ళి తలుపేసుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి దిగలేదు. మా అత్తగారు మెట్ల కింద నిలబడి ఆవ పెట్టిన పనసపొట్టు కూర పేరు చెప్పారు, బొబ్బట్ల పేరు చెప్పారు. తలుపు తెరుచుకోలేదు. చివరికి మరదలు దిగివచ్చి, "ఆ పర్మిషనేదో ఇస్తేనే తింటార్ట" అని కబురు చెప్పింది. కొత్తల్లుడు తినందే ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకూడదు కాబట్టి అందరం పస్తే.

మామగారు కొట్లోకి వచ్చి కంప్యూటర్‌ని ఎగాదిగా చూశారు.

"మా ఇంటల్లుడికి పర్మిషన్ లేదనడానికి ఇదెవరయ్యా? పైగా అల్లుడుగారి మీద రిపోర్టు రాస్తుందా?"

"దానికి తెలీదండీ మావయ్యగారూ."

"తెలీకపోతే తెలియజెప్పు. ఆ పాస్‌వర్డేదో ఆయన చేతిలో పెట్టు."

అత్తగారు ఇంకో అడుగు ముందుకేశారు. "ముందు దానిచేత సారీ చెప్పించు నాయనా."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పెళ్ళిళ్ళ ఆర్డర్లన్నీ అందులో ఉన్నాయి, అది సరే. ఆ పాస్‌వర్డ్ కూడా చెయ్యిజారితే ఆ ఇంట్లో నేనుండీ లేనట్టే.

కాసేపు తల పట్టుకుని కూర్చుని, అసలు కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి తయారుచేశాను. అలా చేసుకునే వీలుంది. పిల్లల లక్కపిడతల్లాంటిది, లోపల ఏం చేసినా బయట ఏమీ కాదు. ఆర్డర్లకు నకలు తీసి అందులో పెట్టాను. తెరవగానే "అల్లుడుగారూ, పొద్దున జరిగినదానికి మన్నించండి" అని కనిపించేలా రాశాను. ఆ నల్లటి తెరకి తెలుగు సరిగా రాదు, గుణింతాలు విడివిడిగా పడ్డాయి.

"పాపం, భయపడి తడబడుతోంది" అని అత్తగారు జాలిపడ్డారు.

సందెవేళకి ఆ ఉత్తుత్తిదాని పాస్‌వర్డే అసలుదని చెప్పి పైకి పంపితే, కొత్తల్లుడు దిగివచ్చాడు. ఈసారి ముందుగా whoami కొట్టాడు. root అని జవాబొచ్చింది, అంటే యజమాని. మామగారు అతని భుజం తట్టారు.

"rm మాత్రం కొట్టకండి. దాంతో తీసేసింది చెత్తబుట్టలో కూడా ఉండదు, గోదాట్లో కలిసినట్టే" అని చెప్పి, నేను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను.

లోపల విస్తళ్ళు వేస్తుండగా అతను నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అన్నయ్యగారూ, చెత్త తీసేద్దామని rm కొట్టానండీ. ఆర్డర్లు ఒక్కటీ కనపడ్డం లేదండీ. మావయ్యగారికి తెలిస్తే నా పరువేం కావాలండీ?"

అంతవరకూ అతను నన్ను ఏ వరసా పెట్టి పిలవలేదు. బ్యాకప్ ఎందుకు తీసుకోవాలో చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ పొద్దుటినుంచీ తిండిలేదు, కడుపు కాలిపోతోంది.

"చూద్దాం లెండి. ముందు భోంచేద్దాం" అన్నాను.

పక్కపక్కనే కూర్చున్నాం. అత్తగారు నేతిగిన్నెతో నేరుగా అతని దగ్గరికి వచ్చారు. అతను విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "ముందు అన్నయ్యగారికి వెయ్యండి అత్తయ్యగారూ" అన్నాడు.

మామగారు నా వైపు తిరిగి, "చూశావటయ్యా, సంస్కారమంటే అదీ! నేర్చుకో" అన్నారు.

నేర్చుకుంటానండీ అన్నాను. నా విస్తట్లో నెయ్యి ధారగా పడుతోంది, ఎంత బావుందో చెప్పలేను. ఆర్డర్లన్నీ భద్రంగానే ఉన్నాయని మజ్జిగ వడ్డించేదాకా అతనికి చెప్పలేదు.